దాచినవాడి మాట, వెతికేవాడి నమ్మకం

కంటికి కనబడని వస్తువు ఫలానా చోట ఉందని నమ్మి బయలుదేరిన మనిషికి ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది, దాని పునాది ఎంత గట్టిది అన్నది భారతీయ దర్శనాల్లో ప్రమాణ చర్చకు మూలమైన ప్రశ్నల్లో ఒకటి. ప్రమాణమంటే సరైన జ్ఞానాన్ని కలిగించే సాధనం. ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం ప్రత్యక్షం, తెలిసిన గుర్తును పట్టుకుని తెలియనిదాన్ని నిర్ణయించడం అనుమానం, నమ్మదగినవాడి మాట వల్ల తెలుసుకోవడం శబ్దం. నిత్యజీవితంలో ఈ మూడూ పెనవేసుకుని పనిచేస్తాయి కాబట్టి ఏది ఎంతవరకు తోడ్పడిందో విడదీసి చెప్పడం కష్టం. జియోక్యాషింగ్ అనే ఆధునిక క్రీడలో, అంకెల చిక్కుముడి విప్పితే తప్ప డబ్బా దాచిన చోటు తెలియని రకంలో మాత్రం ఆ మూడింటి హద్దులు స్పష్టంగా కనబడతాయి. అందువల్ల ఆ క్రీడ సాయంతో ఒక పాత మతప్రశ్నను కొత్తగా పరీక్షించవచ్చు: ఈ ప్రపంచంలో ఒక అర్థం దాగి ఉందని, వెతికితే అది దొరుకుతుందని నమ్మేవాడికి, డబ్బా దాగి ఉందని నమ్మే ఆటగాడికి ఉన్నంత ఆధారం ఉందా?

ఈ క్రీడ పుట్టుకకు ఒక ప్రభుత్వ నిర్ణయం కారణం. 2000 మే నెల ఆరంభం వరకు అమెరికా ప్రభుత్వం జీపీఎస్ ఉపగ్రహాల నుంచి పౌరులకు అందే సంకేతాలను కావాలనే కొంత చెడగొట్టి పంపేది. దానివల్ల పరికరం చూపే చోటు పదుల మీటర్ల మేర తప్పేది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో ఆ అడ్డు తొలగిన వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే వ్యక్తి ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్టును దాచి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ ప్రకటించాడు. అందులో కొన్ని పుస్తకాలు, కాస్త డబ్బు, ఒక చిక్కుడు గింజల డబ్బా వంటి వస్తువులతో పాటు, వచ్చినవారు పేరు రాసేందుకు ఒక చిన్న పుస్తకం, పెన్సిలు ఉంచాడు. అప్పటి నుంచి నిలిచిన నియమాలు కొన్నే: కనుక్కున్నవాడు పుస్తకంలో పేరు రాయాలి, ఏదైనా తీసుకుంటే అంతకు తగ్గని విలువ గలదాన్ని బదులు పెట్టాలి, డబ్బాను ఉన్న చోటనే మళ్లీ దాచాలి. నేల తవ్వి పూడ్చడం నిషిద్ధం. ఇందులో చిక్కుముడి రకానికి చెందిన డబ్బాలకు ప్రకటించే చోటు అసలు చోటు కాదు. అసలు చోటు అక్కడికి సుమారు మూడు కిలోమీటర్ల లోపు ఎక్కడో ఉంటుంది, దాని అంకెలు ఒక సుడోకులోనో మరో లెక్కలోనో దాగి ఉంటాయి.

అంకెలను మాటల్లో దాచడం తెలుగువారికి కొత్త విద్య కాదు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుల గణిత గ్రంథాన్ని తెనిగించి లెక్కను పద్యంలో నిలిపాడు; శాసనాల్లో, జ్యోతిష గ్రంథాల్లో సంవత్సరాలను భూతసంఖ్యలతో, అంటే అంకెకు బదులు లోకప్రసిద్ధమైన వస్తువు పేరుతో, చెప్పే ఆచారం ఉండేది. వేదాలు నాలుగు కాబట్టి వేదమంటే 4, మన్మథుని బాణాలు ఐదు కాబట్టి బాణమంటే 5, కుబేరుని నిధులు తొమ్మిది కాబట్టి నిధి అంటే 9. మొదట చెప్పిన అంకెను ఒకట్ల స్థానంలో ఉంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలన్న నియమం తెలిసినవాడికి వేద, బాణ, నిధి అన్న మూడు మాటలు 954 అవుతాయి. నియమం తెలియనివాడు వాటిని 459గా చదివి తప్పు ఏటికి చేరుకుంటాడు.

నల్లగొండ జిల్లాలో హాలియాకూ మిర్యాలగూడకూ నడుమ, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న నిడమనూరు దగ్గర, కాలువ కట్ట మీద అలాంటి డబ్బా ఒకటి ఉందని ఉదాహరణ కోసం అనుకుందాం. ఆ ప్రాంతం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన, 79 డిగ్రీల తూర్పు రేఖాంశానికి ఆవల ఉంటుంది కాబట్టి డిగ్రీల అంకెల్లో రహస్యం లేదు. రహస్యమంతా నిమిషాల్లో, వాటి దశాంశాల్లో ఉంటుంది. నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు, నేల మీద అక్షాంశ నిమిషం సుమారు 1.85 కిలోమీటర్లు, దానిలో వెయ్యో వంతు రెండు మీటర్ల లోపు. తక్కిన అంకెలన్నీ చెప్పేసి, అక్షాంశ నిమిషాల దశాంశ స్థానాల్లోని మూడు అంకెలను మాత్రం, నవగ్రహ యంత్రాల్లో సూర్యుడికి చెప్పే తొమ్మిది గళ్ల చదరం పైవరుసలో దాచారనుకుందాం. 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కొక్కటి ఒక్కసారే వచ్చి, అడ్డంగా, నిలువుగా, మూలగా ఎటు కూడినా 15 రావడమే ఆ చదరం ధర్మం.

నడి గడిలో ఏ అంకె ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ గడి గుండా పోయే వరుసలు నాలుగు. వాటి మొత్తం 60. ఆ నాలుగు వరుసలనూ కూడినప్పుడు మిగతా ఎనిమిది గళ్లు ఒక్కొక్కసారి, నడి గడి నాలుగుసార్లు లెక్కకు వస్తాయి. తొమ్మిది అంకెల మొత్తం 45 కాబట్టి, 60లో దాన్ని తీసివేయగా మిగిలిన 15 నడి అంకెకు మూడింతలు. కనుక నడి అంకె 5. అయితే చదరాన్ని తిప్పినా, అద్దంలో చూసినట్టు తారుమారు చేసినా ఆ ధర్మం చెడదు కాబట్టి మొత్తం ఎనిమిది కూర్పులు కుదురుతాయి, పైవరుసకు ఎనిమిది అవకాశాలు మిగులుతాయి, వాటిలో అసలైనదాన్ని తేల్చే శక్తి తర్కానికి లేదు. ఎడమ పైమూలలో 6 ఉందని దాచినవాడు చెబితే 618, 672 అన్న రెండే మిగులుతాయి; దాని కింద 7 ఉందని కూడా చెబితే 618 ఒక్కటే నిలుస్తుంది. ఆ రెండో మాట లేకపోతే రెండు సమాధానాలకూ నేల మీద దాదాపు వంద మీటర్ల తేడా వస్తుంది, ఒకటి కాలువకు ఈవల పడితే మరొకటి ఆవల పడవచ్చు.

ఇక్కడ రెండు ప్రమాణాల హద్దు తేటగా కనబడుతుంది. నడి గడిలో 5 అనుమానం వల్ల తెలిసింది; మూలలో 6 శబ్దం వల్ల తెలిసింది. మొదటిది ఏ మనిషి మాట మీదా ఆధారపడదు, రెండోది దాచినవాడి మాట మీద తప్ప దేనిమీదా ఆధారపడదు. తర్కం గొప్పతనాన్ని కీర్తించేవారు తరచు మరిచేది ఈ రెండో భాగాన్నే. సుడోకులో ఈ సంగతి మరింత లోతుగా ఉంది. 81 గళ్ల సుడోకుకు ఒకే సమాధానం ఉండాలంటే కనీసం 17 అంకెలు ముందే ఇవ్వాలని ఐర్లండ్ గణితవేత్త గ్యారీ మెగ్వైర్ బృందం 2012లో కంప్యూటర్ సాయంతో తేల్చింది. అంతకంటే తక్కువిస్తే ఒకే సమాధానమన్న హామీ అసాధ్యం. అనుభవజ్ఞులైన ఆటగాళ్లు ఆ హామీనే సాధనంగా వాడతారు: ఈ గడిలో ఫలానా అంకె వేస్తే రెండు సమాధానాలు వస్తాయి, కూర్చినవాడు రెండు సమాధానాలున్న చదరాన్ని ఇవ్వడు, కనుక ఆ అంకె ఇక్కడ ఉండదు అని వారు నిర్ణయిస్తారు. పైకి ఇది తర్కంలా కనిపించినా, దాని హేతువు అంకెల్లో లేదు, కూర్చినవాడి సంకల్పంలో ఉంది. కర్త స్వభావాన్ని ముందు నమ్మి, ఆ నమ్మకం నుంచి వస్తువుల అమరికను ఊహించే ఈ పద్ధతి ఈశ్వరవాదులు లోకం విషయంలో పాటించే పద్ధతికి పోలికే.

చిక్కుముడి వీడాక కూడా పని పూర్తి కాదు. జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుంది అన్న విషయంలో మీమాంసకులకూ నైయాయికులకూ చిరకాలంగా వాదం ఉంది. జ్ఞానం పుట్టినప్పుడే దాని సరైనతనం దానితోనే తెలుస్తుంది, బాధకం, అంటే దాన్ని కొట్టివేసే మరో జ్ఞానం, వచ్చేదాకా అది నిలుస్తుంది అని మీమాంసకులు అంటారు. దీనికి స్వతఃప్రామాణ్యమని పేరు. దూరాన నీరు చూసినవాడు దగ్గరకు వెళ్లి దప్పిక తీర్చుకున్నాకే ఆ చూపు సరైనదని తేలినట్టు, ఫలితమిచ్చే ప్రవృత్తి వల్లనే జ్ఞానం రుజువవుతుందని నైయాయికులు అంటారు. దీనికి పరతఃప్రామాణ్యమని పేరు. చిక్కుముడి డబ్బాలో ఈ రెండు పక్షాలకూ చోటుంది. నిండిన చదరం తన నియమాలన్నిటికీ తానే సరిపోయి కనిపిస్తుంది, దాన్ని ధ్రువపరచడానికి బయటి సాక్షి అవసరం లేదు. ఆ అంకెలు చూపిన చోట డబ్బా ఉందన్న జ్ఞానం మాత్రం కాలువ కట్ట ఎక్కి, సెల్‌ఫోను జీపీఎస్ సహజంగా తప్పే నాలుగైదు మీటర్ల మేర తుమ్మచెట్టు మొదట్లోనూ రాళ్ల సందుల్లోనూ చేతితో తడిమి చూసేదాకా రుజువు కాదు. మతాలు బోధించే సత్యాలు ఈ రెంటిలో ఏ కోవకు చెందుతాయన్నది ఆయా మతాల స్వభావాన్నే నిర్ణయిస్తుంది.

సరైన చోటికి చేరినంత మాత్రాన తెలిసినట్టేనా అన్నది మరో చిక్కు. 12వ శతాబ్దపు అద్వైత తార్కికుడు శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఒక సందర్భాన్ని చర్చించాడు: ఒకడు గుప్పిట్లో గవ్వలు మూసి ఎన్ని ఉన్నాయని అడిగితే, ఎదుటివాడు ఊరికే ఐదు అన్నాడు, లెక్కిస్తే సరిగ్గా ఐదే ఉన్నాయి. మాట నిజమైంది, చెప్పినవాడికి నమ్మకమూ ఉండవచ్చు, అయినా అతడికి తెలుసు అనగలమా? కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగితే దాన్ని కాకతాళీయమంటారు; ఆ నిజం అలాంటిది. ఎనిమిది కూర్పుల్లో ఒకదాన్ని గుడ్డిగా ఎంచుకుని డబ్బా దొరికించుకున్నవాడూ, ముందు వెళ్లినవాడిని అడిగి నేరుగా అక్కడికి చేరినవాడూ, చదరాన్ని విప్పి చేరినవాడూ పుస్తకంలో ఒకే రకంగా సంతకం చేస్తారు. పుస్తకం వారి మధ్య భేదాన్ని చూపదు. ఆధ్యాత్మిక జీవితంలోనూ ఫలితాన్ని మాత్రమే చూసేవారికి వారసత్వంగా దొరికిన విశ్వాసమూ, విచారణతో సంపాదించిన విశ్వాసమూ ఒకేలా కనిపిస్తాయి. తేడా బాధకం ఎదురైనప్పుడే బయటపడుతుంది, ఎందుకంటే దారి తెలిసినవాడు తప్పిన చోటికి వెనక్కు వెళ్లగలడు, అదృష్టం కొద్దీ చేరినవాడికి వెనక్కు వెళ్లేందుకు దారే లేదు.

ఇంతవరకు చెప్పినదంతా దొరకాలని దాచిన వస్తువును గురించి. దాచడంలో వేరే ఉద్దేశాలూ ఉంటాయనడానికి ఈ నేల మీదే గట్టి నిదర్శనాలున్నాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలక ముందు ఆ జలాశయం అడుగున ఉన్న లోయలో ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. 3వ శతాబ్దంలో వీరపురుషదత్తుని ఏలుబడి 6వ ఏట రాజబంధువైన చాంతిసిరి ఆదరణతో అక్కడ మహాచైత్యం నిలిచింది. ఇటుక గోడలు బండిచక్రపు ఆకుల్లా చుట్టూ విస్తరించి, వాటి నడుమ మట్టి నింపిన అరలు ఏర్పడేలా దాన్ని కట్టారు. నిధి కోసం వచ్చినవారు ఎప్పుడో దాని నడిబొడ్డును తవ్విపోశారు. విలువైనది మధ్యలోనే ఉంటుందన్నది వారి ఊహ. 1920ల చివర పురావస్తు పరిశోధకుడు ఏ.హెచ్. లాంగ్‌హర్స్ట్ ఆ అరలను వరుసగా పరిశీలించినప్పుడు, మధ్యకు దూరంగా ఉన్న ఒక అరలో మట్టిపాత్రలో వెండి భరిణె, దానిలో అంగుళం కూడా లేని బంగారు భరిణె, అందులో చిన్న ఎముక తునక బయటపడ్డాయి. దాన్ని సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి అందజేశారు. ఆ ధాతువును దాచినవారు దాన్ని ఎవరూ కనుక్కోవాలని కోరలేదు, చిక్కుముడి ఏదీ విడిచిపెట్టలేదు. అది అక్కడ ఉందని తెలియడమే భక్తుల ప్రదక్షిణకు చాలింది. ఊరి నడుమ బొడ్రాయిని ప్రతిష్ఠించేటప్పుడు కింద నవధాన్యాలు వేసే ఆచారంలోనూ ఇదే భావం కనిపిస్తుంది.

మూడో రకం, దాచినవాడు తానే వచ్చి తీసుకోవాలని దాచినది. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో ఒక మట్టికుండలో దొరికిన 3,730 సీసపు నాణేల వంటివాటికి ఈ వివరణే సహజంగా సరిపోతుంది. ఇలాంటి దాపరికంలో దాచినవాడికీ వెతికేవాడికీ మధ్య మాట లేదు. ఆ లేని మాటను ఉన్నట్టు చూపించడమే గుప్తనిధుల పేరుతో పాత గుళ్లను తవ్వించేవారి వ్యాపారం: అంజనం వేసో, నక్షత్రాల లెక్క కట్టో ఫలానా విగ్రహం కింద నిధి ఉందని చెప్పి రాత్రికి రాత్రి నంది విగ్రహాలను పెకలించేలా చేస్తారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల నిధిని గురించి కలెక్టరుకు తెలియజేయాలి. అయితే చట్టం కంటే ముందు చెడేది ప్రమాణమే. అక్కడ ఆప్తుడు, అంటే విషయం తెలిసి ఉన్నదున్నట్టు చెప్పేవాడు, లేడు. అంకెల వేషం వేసుకున్న అత్యాశ మాత్రమే ఉంది.

ఇక అసలు ప్రశ్న: ఈ ప్రపంచం ఈ మూడు రకాల్లో దేనికి చెందుతుంది? అది మొదటి రకమేనని, దాని వెనుక ఒక బుద్ధి ఉందని గట్టిగా వాదించినవాడు 10వ శతాబ్దపు మిథిల పండితుడు ఉదయనుడు. న్యాయకుసుమాంజలిలో ఆయన ఈశ్వరుణ్ణి సాధించడానికి ఇచ్చిన హేతువుల్లో సంఖ్య ఒకటి కావడం ఈ చర్చకు ప్రత్యేకంగా పనికివస్తుంది. న్యాయవైశేషికుల మతంలో ఒకటి అన్నది వస్తువులో సహజంగా ఉంటుంది కానీ, రెండు మొదలైన సంఖ్యలు ‘ఇది ఒకటి, ఇది ఒకటి’ అని లెక్కించే బుద్ధి వల్లనే పుడతాయి; ఆ లెక్కింపుకు అపేక్షాబుద్ధి అని పేరు. రెండు పరమాణువులు కలిసి ద్వ్యణుకమైనప్పుడు దాని పరిమాణానికి ఆ రెండు అనే సంఖ్యే కారణమని వారి సిద్ధాంతం. సృష్టి ఆరంభంలో మనుషుల బుద్ధి లేదు కాబట్టి, ఆ పరమాణువులను లెక్కించిన బుద్ధి ఈశ్వరునిదే కావాలని ఉదయనుడి వాదం. అంకె ఉన్నదంటే లెక్కించినవాడు ఉన్నాడు. చదరంలో అంకెలను చూసి కూర్చినవాణ్ణి ఊహించే ఆటగాడి వాదానికి ఇది విశ్వమంతటి విస్తృతి.

దీనికి సమాధానం ఉదయనుడికి మూడు శతాబ్దాల ముందే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి సిద్ధం చేసి ఉంచాడు. కుండ మట్టితో చేసింది, దాన్ని కుమ్మరి చేశాడు. పుట్ట కూడా మట్టిదే కాబట్టి దాన్నీ కుమ్మరే చేశాడనడం ఎంత అసంగతమో, అమరిక ఉంది కాబట్టి లోకానికి కర్త ఉన్నాడనడం అంతే అసంగతమని ఆయన అభిప్రాయం. ఏ రకమైన అమరికకు కర్తతో సంబంధం ముందే చూసి ఉన్నామో ఆ రకాన్ని బట్టి మాత్రమే కర్తను ఊహించవచ్చు. డబ్బాలు వెతికేవారికి ఈ విచక్షణ ప్రతిసారీ అవసరమవుతుంది. చెట్టు తొర్ర ముందు ఒకే పొడవు పుల్లలు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టుంటే ఎవరో కావాలని పెట్టారని వారు గుర్తిస్తారు, ఎందుకంటే అలాంటి పేర్పు వెనుక డబ్బా ఉండటం ముందు చూసి ఉన్నారు. పొలంగట్టు మీద చెదపురుగులు లేపిన పుట్ట అంతకంటే ఎన్నో రెట్లు సంక్లిష్టమైన కట్టడమైనా, దాని వెనుక డబ్బా కోసం ఎవరూ చూడరు. లోకం పుల్లల పేర్పు లాంటిదా, పుట్ట లాంటిదా అని తేల్చడానికి మరో లోకం ఎవరి అనుభవంలోనూ లేదు. ఉదయనుడి వాదం పూర్తిగా నెగ్గకపోవడానికీ, ధర్మకీర్తి ఖండన దాన్ని పూర్తిగా తుడిచివేయలేకపోవడానికీ కారణం ఇదే.

ఉపనిషత్తుల దారి ఈ వాదాన్ని పక్కకు తిప్పుతుంది. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో, నేలను గురించి తెలియనివారు పాతిపెట్టిన బంగారం మీదుగానే పదేపదే నడుస్తూ దాన్ని పొందలేనట్టు, జీవులు రోజూ బ్రహ్మాన్ని చేరుతూనే దాన్ని ఎరగరని చెప్పారు. 14వ శతాబ్దంలో విద్యారణ్యుల పంచదశి దీనికి ఒక లెక్క తప్పిన కథను తోడు చేసింది. పదిమంది ఏరు దాటి లెక్కించుకుంటే, ప్రతివాడూ తనను విడిచి తక్కినవారిని లెక్కించడం వల్ల తొమ్మిదిమందే తేలి, పదోవాడు మునిగిపోయాడని ఏడుస్తారు. పదోవాడు ఉన్నాడని దారిన పోయేవాడు చెప్పినప్పుడు కలిగేది పరోక్షజ్ఞానం, అంటే ఎదుట లేనిదాని గురించిన తెలివి. ఆ పదోవాడివి నీవే అన్నప్పుడు కలిగేది అపరోక్షజ్ఞానం. అంకెల చిక్కుముడి విప్పినవాడికి చేతిలో ఉన్నది పరోక్షజ్ఞానం, డబ్బా మూత తీసినవాడికి కలిగేది ప్రత్యక్షం; అద్వైతి చెప్పే మూడోదానికి క్రీడలో పోలిక లేదు, ఎందుకంటే అక్కడ వెతికేవాడే లెక్కలో తప్పిపోయిన అంకె. దాచినవాడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్న అక్కడ వీగిపోతుంది. అయినా దారిన పోయేవాడి మాట అవసరం వీగిపోదు: పదిమందిలో ఏ ఒక్కరి తర్కమూ ఆ తప్పును తనంతట సరిదిద్దలేకపోయింది.

ఈ క్రీడలోని మరో ఆచారం ఆస్తికులకూ నాస్తికులకూ సమానంగా పనికివస్తుంది. వెతికినా డబ్బా దొరకనప్పుడు దొరకలేదని నమోదు చేయాలి, లేదని రాయకూడదు. భాట్టమీమాంసకులు, అద్వైతులు వస్తువు కనబడకపోవడాన్ని కూడా అనుపలబ్ధి పేరుతో ప్రమాణంగా ఒప్పుకుంటారు, కానీ ఒక షరతు పెడతారు: ఉంటే తప్పక కనబడవలసిన వస్తువు కనబడనప్పుడే అది లేదని తేలుతుంది. వెలుతురున్న బల్ల మీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలదు. ఈశ్వరుడు కంటికి కనబడే యోగ్యత ఉన్నవాడు కాడు కాబట్టి, కనబడలేదన్న కారణంతో ఆయనను కాదనలేమని ఉదయనుడు ఇదే షరతును వాడుకున్నాడు. ఆ వాదం సరైనదే, కానీ దాని బలం ఎంతవరకో కూడా గమనించాలి: అది లేడన్నవాడి నోరు మూయిస్తుంది, ఉన్నాడన్నవాడి చేతికి ఏమీ అందించదు.

కనుక మొదటి ప్రశ్నకు సమాధానం ఇలా తేలుతుంది. ఆటగాడి నమ్మకానికి పునాది అతడి తర్కం కాదు, దాచినవాడు ఇచ్చిన మాట. ఆ మాట ఉన్నంతకాలం తర్కం దాని మీద నిలబడి నిక్కచ్చిగా పనిచేస్తుంది. లోకం విషయంలో అలాంటి మాట తమకు అందిందని విశ్వాసులు చెబుతారు. వేదానికి కర్తే లేడు కాబట్టి దోషమూ లేదని మీమాంసకులు, ఈశ్వరుడు ఆప్తుడు కాబట్టి ఆయన మాట ప్రమాణమని నైయాయికులు దానికి వేర్వేరు పునాదులు వేశారు. ఆ మాటను ఒప్పుకున్నవాడి వెతుకులాట ఆటగాడి వెతుకులాటంత హేతుబద్ధమైనదే, ఒప్పుకోనివాడి నిలకడ కూడా అంతే హేతుబద్ధమైనది. హేతువు చెడేది రెండు సందర్భాల్లోనే: మాట మీద నిలిచినదాన్ని తర్కం వల్ల తేలిందని చెప్పుకున్నప్పుడు, మాటే లేని చోట దాన్ని కల్పించి నేల తవ్వినప్పుడు. తాను నమ్మినవాటిలో ఏది నడి గడిలోని 5 లాంటిదో, ఏది మూలలోని 6 లాంటిదో ఎవరికి వారు వేరుచేసి చెప్పగలిగితే, మతాల మధ్య జరిగే వాదాల్లో చాలా భాగం అవసరం లేకుండా పోతుంది. మిగిలే కొంచెం మాత్రం నిజంగా వాదించదగినదై ఉంటుంది.